బావరికి జవాబు తెచ్చిన పింగియుడు



మన జుక్కల్ ప్రాంతం మీదుగా పోయే మంజీర కందకుర్తి కాడ గోదావరిలో కలుస్తది. బుద్ధుని కాలంలో ఆ గోదావరి ఒడ్డునే, అస్సక దేశంలో, బావరి అనే పండితుడు ఉండేవాడు. మన బోధనే ఆ దేశపు రాజధాని అని చెబుతారు. ఆయన కథ సుత్తనిపాతంలోని పారాయణ వర్గంలో ఉంది.

బావరి యజ్ఞం చేసి ఉన్నదంతా దానం చేసిండు. తర్వాత ఒక బ్రాహ్మణుడు వచ్చి 500 నాణేలు అడిగాడు. లేవనేసరికి, ఏడో రోజున తల ఏడు ముక్కలైతదని శపించాడు. బావరి తిండి మాని కుంగిపోయాడు. ఆ శాపంలోని తల ఏమిటో, అది పగలడం ఏమిటో బుద్ధునికే తెలుసని ఒక దేవత చెప్పింది. బావరికి 120 ఏళ్లు. అయినా తర్వాత చూద్దామనలేదు. తన 16 మంది శిష్యులను పంపాడు. వాళ్లు పైఠాన్, ఉజ్జయిని, కౌశాంబి, శ్రావస్తి, వైశాలి మీదుగా మగధ దాకా నడిచారు.

అవిద్యే తల అని తథాగతుడు వివరించాడు. శ్రద్ధ, స్మృతి, సమాధి, చేయాలనే సంకల్పం, ప్రయత్నం తోడైన విద్యే దాన్ని పగలగొడుతుంది. గమనించండి, ఒట్టి తెలివి చాలదు. మంచిదని తెలిసీ రేపు రేపు అంటే ఆ తల అట్లనే ఉంటది.

శిష్యుల్లో పింగియుడు బావరికి మేనల్లుడు, తానూ ముసలివాడే. ధమ్మం వింటుండగా, మామ ఇది వినలేకపోయెనే అని ఆయన మనసు అటు పోయిందట. అందుకే మిగతావాళ్లు అర్హతులైనా, ఆయన అనాగామి దగ్గరే ఆగాడని అట్ఠకథ చెబుతుంది. తనకు కావలసింది దొరికింది, అక్కడే ఉండిపోవచ్చు. కానీ ఆ ఒంటితోనే గోదావరికి తిరిగొచ్చి మామకు అంతా చెప్పాడు. ఆ మాటల చివర ఆయన అర్హతుడయ్యాడు, బావరి అనాగామి అయ్యాడు.

మనం ఒకరి చేనుకు ఒకరం బదులుకు పోతం గదా. మీ చేన్ల కలుపు అయిపోయింది. ఇప్పుడు అవతలోళ్ల చేనుకు పోకుంటే లాభమే అనిపిస్తది. కానీ అట్లా అందరూ లెక్కేస్తే వచ్చే ఏడు ఎవరి చేనుకూ ఎవరూ రారు. పని అయ్యాక కూడా మాట మీద నిలబడేవాళ్లుంటేనే ఊరు నడుస్తది, సంఘం నడుస్తది. బావరి వాయిదా వేయలేదు, పింగియుడు మరిచిపోలేదు. మీరు ఎవరికి ఏ మాట బాకీ ఉన్నారో ఈ పొద్దే గుర్తు చేసుకోండి. రేపు తెల్లారగానే వాళ్ల చేనుకు పోండి.