నీలవర్ణము తెలిపిన రహస్యము: డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతముల రైతులు కూరగాయలును పూలును పండించి హైదరాబాదు నగరమునకు పంపుచుందురు. విత్తు వేయుటకు ముందు చేనిలోని మట్టిని కొంచెము తీసి భూసార పరీక్షకు పంపు వాడుక నేడు వారికి క్రొత్త కాదు. ఆ మట్టిలో భాస్వరమెంత యున్నదో తేల్చుటకు పరీక్షాగారమున నొక ద్రావణమును కలుపుదురు. కొలది నిమిషములలో గాజుగొట్టములోని నీరు నీలిరంగు దాల్చును. రంగు చిక్కబడిన కొలదియు భాస్వరము హెచ్చని యర్థము.

నేను భాషాబోధకుడను, రసాయనశాస్త్రముతో నాకు పరిచయము తక్కువ. అయినను మా కళాశాలలోని రసాయనశాస్త్రోపన్యాసకులొకరు ఒకనాడు నన్ను పిలిచి ఈ వర్ణోదయమును చూపినప్పుడు, దీని పూర్వకథ యేమని యడిగితిని. ఆ కథ తిన్నగా పశ్చిమగోదావరి జిల్లా భీమవరమునకు చేరినది. మట్టిలోనే కాదు, మనుష్యుని రక్తములోను కండరములోను భాస్వరమును కొలుచుటకు ఈ నీలవర్ణమును నమ్మదగిన సాధనముగా దిద్దిన ఇరువురిలో నొకరు మన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. తండ్రి రెవిన్యూ శాఖలో చిన్న యుద్యోగి; అనారోగ్యముచే ఉద్యోగము ముందుగానే వదలుకొనవలసివచ్చెను. సంసారము పెద్దది, రాబడి చిన్నది. పదమూడేండ్ల ప్రాయమున ఈ బాలునకు చదువుపై రోత పుట్టి, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని యిల్లు విడిచెను. తల్లి వెదకించి వెనుకకు రప్పించెను. ఆ తల్లి పట్టుదలయే లేకున్న మన కథ యక్కడనే ముగిసెడిది. ఆమె తన నగలమ్మి కుమారుని చదివించెనని చెప్పుదురు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవ ప్రయత్నమున మద్రాసు హిందూ ఉన్నత పాఠశాలనుండి అతడు గట్టెక్కెను. రెండుమారులు తప్పినవాడని తరగతిలో చివరి బల్లకు నెట్టబడు విద్యార్థులు మన పాఠశాలలలో నెందరో కలరు. వారి యుపాధ్యాయులు ఈ విషయమును గమనింతురు గాక.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచున్న కాలమున సన్న్యసించి రామకృష్ణ మఠమున చేరవలెనను కోరిక అతనిని పట్టుకొనెను. అక్కడి పెద్దలు వైద్యము చదివి సేవ చేయుమని హితవు చెప్పగా మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించెను. అవి స్వదేశీ యుద్యమపు దినములు. శస్త్రచికిత్సా తరగతికి ఖద్దరు దుస్తులు ధరించి పోవుటచే ఆంగ్లేయుడగు ఆచార్యునికి అతనిపై నాగ్రహము కలిగినది. ఫలితముగా ఎం.బి.బి.యస్. పట్టమునకు బదులు అంతకంటె తక్కువదగు ఎల్.ఎం.యస్. పట్టము మాత్రమే చేతికి వచ్చెను. దానితో ప్రభుత్వ వైద్యశాఖ తలుపులు మూసికొనగా, మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రమును బోధించు పనిలో కుదిరెను. 1919లో శేషగిరిగారితో వివాహమైనది.

ఈ నడుమనే ఆయన జీవితమున పెద్ద దెబ్బ తగిలినది. స్ప్రూ యను వ్యాధికి సోదరులిరువురు ఎనిమిది దినముల వ్యవధిలో బలియైరి. ఉష్ణదేశములలో కానవచ్చు ఈ రోగమున తిన్న యన్నము ఒంటబట్టదు. విరేచనములతో దేహము కృశించును, రక్తము క్షీణించును. వైద్యుడై యుండియు తన యింటిలోని రోగమునకు మందు తెలియకపోవుట ఆయనను జీవితాంతము బాధించియుండవలెను. తరువాతి కృషి యెల్ల ఈ గాయమునుండియే పుట్టినదని చెప్పుట కొంత అతిశయోక్తి కావచ్చును గాని, ఆ కృషి చివరకు ఎచ్చటికి చేరినదో చూచినచో ఆ మాట పూర్తిగా కాదనుటకును మనస్సొప్పదు.

మామగారి సహాయముతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధి ఆదరణతోను 1922లో ఆయన అమెరికాలోని బోస్టను నగరమునకు చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణదేశ వ్యాధుల వైద్య పాఠశాలలో ప్రవేశించిరి. మూడేండ్లలో తిరిగి వత్తునని భార్యతో చెప్పి వెళ్లిరందురు. అక్కడ చదువునకు ధనము చాలక, ఒక యాసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలను కడుగు పని చేసిరి. మన దేశమున వైద్యుడు, అక్కడ పాకీపనివాడు! పగలు మాత్రము పరిశోధన. డిప్లొమా ముగిసిన పిదప జీవరసాయన శాఖలో ఆటో ఫోలిన్ అను ఆచార్యునికడ చేరిరి. రక్తములోని చక్కెర మొదలగు పదార్థములను రంగునుబట్టి కొలుచు పద్ధతులలో ఫోలిన్ ఆ కాలమున ప్రసిద్ధుడు. ఆ శాఖలోనే సైరస్ ఫిస్కే యనునతనితో కలిసి సుబ్బారావుగారు భాస్వరపు సమస్యను చేపట్టిరి.

సమస్య యిది. భాస్వరము మన యెముకలలోను, రక్తములోను, ప్రతి జీవకణములోను కలదు. అది రంగులేనిది, కంటికి కానరానిది. ఫాస్ఫేటు రూపముననున్న భాస్వరమునకు ఆమ్లములో అమ్మోనియం మాలిబ్డేటు కలిపినచో రెండును కలిసి ఒక సంయోగ పదార్థమగును. దానికి తగిన మరియొక ద్రవ్యము చేర్చినచో గాఢమైన నీలము పుట్టును. ఈ సంగతి అంతకుముందే తెలియును. కాని అప్పటి పద్ధతులలో రంగు నిదానముగా వచ్చెడిది. రక్తములోని యితర పదార్థములు అడ్డుతగిలి లెక్క తప్పించెడివి. ఫిస్కే, సుబ్బారావుగారలు ఎన్నో ద్రవ్యములను పరీక్షించి, అమినోనాఫ్తాల్ సల్ఫోనికామ్లమును ఎన్నుకొనిరి. రంగు త్వరగా, నిలుకడగా వచ్చెను. ఒక గిన్నెలో తెలిసిన పరిమాణము గల ద్రావణమును, వేరొక గిన్నెలో పరీక్షింపవలసిన ద్రావణమును ఉంచి, వర్ణమాపకమునందు రెండు నీలములును సమానముగా కనబడువరకు లోతును సవరించి చూచినచో భాస్వరమెంతయో తేలును. 1925లో ఈ పద్ధతి ప్రకటితమైనది. జీవరసాయన శాస్త్రమున మిక్కిలిగా ఉదాహరింపబడిన వ్యాసములలో నది యొకటి. తరువాతి కాలమున ఆ మూడవ ద్రవ్యము మారినది, పరికరములు మారినవి. మన మట్టి పరీక్షలో ఇప్పుడు సాధారణముగా వేరొకటి వాడుదురు. మాలిబ్డేటు నీలము మాత్రము మారలేదు.

ఇంతవరకు చెప్పినది ఒక మంచి తూనిక కథ. కాని మంచి తూనిక చేతికి వచ్చిన తరువాత దానిని దేనికి వాడుకొందుమన్నది ముఖ్యము. వీరు కండరపు రసమును తీసి, అందలి మాంసకృత్తులను తొలగించి, తమ పద్ధతితో పరీక్షించిరి. అక్కడ నొక చిత్రము కనబడినది. రావలసిన సమయమునకు రంగు పూర్తిగా రాలేదు. ఆలస్యముగా, కొంచెము కొంచెముగా హెచ్చుచు పోయెను. మరియొకరైనచో పద్ధతిలో దోషమనియో, గాజుసామాను శుభ్రముగా లేదనియో తలచి కొట్టివేసియుందురు. వీరు అట్లు తలపలేదు. కండరములో భాస్వరము కొంత మరియొక పదార్థముతో ముడిపడి యుండి, పరీక్షలోని యామ్లము సోకినకొలది విడిపోవుచు బయటపడుచున్నదని గ్రహించిరి. ఆ ముడి యెవరితోనో వెదకగా క్రియాటిన్ అను పదార్థము దొరకినది. ఒక పాలు భాస్వరికామ్లమునకు ఒక పాలు క్రియాటిన్. ఇదియే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో లోకమునకు తెలిసినది. ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులును అదే సంవత్సరమున ఇట్టి పదార్థమునే గుర్తించిరి. కండరము పనిచేయునపుడు ఇది తరుగును, విశ్రమించునపుడు మరల పెరుగును. కండరపు శక్తికి లాక్టికామ్లమే మూలమని అంతవరకు నమ్మియుండిన శాస్త్రజ్ఞులకు ఇది పునాది కదలించిన వార్త.

రెండేండ్లకు, 1929లో, అదే కండర రసమునుండి వారు వేరొక పదార్థమును వేరుచేసిరి. అది అడినోసిన్ ట్రైఫాస్ఫేటు, విద్యార్థులు ఏ.టి.పి. యని వల్లించునది. సభలలో దీనిని కనుగొన్నది సుబ్బారావుగారొక్కరే యని చెప్పుట నేను విన్నాను. అది సరికాదు. జర్మనీలో కార్ల్ లోమన్ అదే సంవత్సరమున స్వతంత్రముగా దీనిని కనుగొని ముందుగా ప్రకటించెను. మనవారి కీర్తి ఇంకొకరి కీర్తిని హరించి పెంచవలసినంత చిన్నది కాదు. జీవకణములలో శక్తి చేతులు మారుటకు ఈ పదార్థమే నాణెము వంటిదని 1941 ప్రాంతమున లిప్మన్ సిద్ధాంతీకరించుటతో దాని విలువ లోకమునకు పూర్తిగా తెలిసివచ్చెను.

1930లో ఆయనకు డాక్టరేటు వచ్చినది గాని హార్వర్డులో స్థిరమైన పదవి రాలేదు. సుబ్బారావుగారు వేరుచేసిన కొన్ని పదార్థముల వివరములను ఫిస్కే వెలుగు చూడనీయలేదనియు, అందుచే వానిని ఇతరులు అనేక సంవత్సరముల పిమ్మట తిరిగి కనుగొనవలసివచ్చెననియు, ఆనాటి సహాధ్యాయియు తరువాత 1988లో నోబెల్ బహుమానము పొందినవాడునగు జార్జి హిచింగ్స్ చెప్పియున్నాడు. సుబ్బారావుగారు మాత్రము ఈ విషయమై రచ్చకెక్కలేదు.

1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ లోని లెడర్లీ పరిశోధనాలయమునకు మారి, అచిరకాలములోనే పరిశోధనాధ్యక్షులైరి. అక్కడ చేపట్టిన పనులలో నొకటి ఫోలికామ్లము. ఇందును కష్టమొక్కటే: కంటికి కానరాని పదార్థమును పట్టుట. ఈమారు తూనికగా పనిచేసినవి సూక్ష్మజీవులు. ఒక జాతి బాక్టీరియా ఈ విటమిను లేనిదే పెరుగదు. కాలేయమునుండి తీసిన సారమును భాగములుగా విడదీసి, ఒక్కొక్క భాగమును ఆ సూక్ష్మజీవులకు మేపి చూతురు. అవి యెందులో పెరిగినచో పదార్థ మందున్నదన్నమాట. ఆ భాగమును మరల విడదీసి మరల మేపుదురు. ఇట్లు జల్లించి జల్లించి శుద్ధమైన విటమినును వేరుచేసి, 1945 నాటికి ఆయన బృందము దానిని కృత్రిమముగా నిర్మించెను. అనతికాలములో వైద్యులు దానిని స్ప్రూ రోగులకిచ్చి చూడగా రక్తము పుంజుకొనెను. సోదరులను కబళించిన వ్యాధికి మందు దొరకినది. వారు పోయి అప్పటికి పాతికేండ్లు దాటినవి.

నేడు గర్భవతులకు ఇచ్చు ఇనుము బిళ్ళలోను, పాఠశాలలలో వారమునకొకమారు బాలబాలికలకు పంచు బిళ్ళలోను ఉన్నది ఈ ఫోలికామ్లమే. మొయినాబాదునుండి మా కళాశాలకు వచ్చు విద్యార్థినులను ఈ సంగతి యడిగితిని. బిళ్ళ అందరికిని తెలియును. దాని వెనుకనున్న పేరు ఒక్కరికిని తెలియదు.

ఫోలికామ్లమును పోలియుండి దాని పనికి అడ్డుపడు పదార్థములను గూడ లెడర్లీలో నిర్మించిరి. రక్తపు కేన్సరుతో మరణించుచున్న పసిపిల్లలకు బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్ అను అట్టి మందునిచ్చి 1948లో ఫలితములను ప్రకటించెను. పదునారుగురిలో పదిమందికి గుణము కనబడినది. అది తాత్కాలికమే. అయినను ఆ వ్యాధికి మందు పనిచేయునని తెలియుట అదియే మొదలు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేటు నేటికిని కేన్సరుకును, కీళ్లవాతమునకును వాడబడుచున్నది. బోదకాలు మందగు హెట్రజాన్ కూడ ఆయన నాయకత్వముననే 1947 ప్రాంతమున వెలువడినది. గోదావరి తీరవాసులకు బోదకాలనగా నేమో వేరుగా చెప్పనక్కరలేదు. డెబ్బదియేండ్లు దాటిన బెంజమిన్ డుగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు అదే పరిశోధనాలయమున మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను మందును సాధించెను. టెట్రాసైక్లిన్ జాతికి అది మొదటిది. 1948 జూలైలో దానిని ప్రకటించిరి.

ఆ మరుసటి నెల, ఆగస్టు 9వ తేదీ ఉదయమున సుబ్బారావుగారు తమ పడకపై నిద్రలోనే మరణించియుండుట చూచిరి. గుండె ఆగినది. వయస్సు 53 సంవత్సరములు. అమెరికా పౌరసత్వము పొందుటకు 1946 నాటి చట్టము వలన వీలు కలిగినను ఆయన దానిని తీసికొనలేదు. స్వదేశమునకును ఒక్కమారైనను తిరిగి రాలేదు. శేషగిరిగారు 1922 తరువాత భర్తను మరల చూడలేదు. ఆయన జీవితమును మెచ్చుకొను వ్యాసములలో ఆమెకు సాధారణముగా ఒక్క వాక్యమే దక్కును. ఈ వ్యాసమునను అంతకు మించి వ్రాయలేకపోతిని.

1953లో ఒక శిలీంధ్రజాతికి సుబ్బరోమైసిస్ అని ఆయన పేరు పెట్టిరి. 1995లో, శతజయంతి సంవత్సరమున, భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో తపాలా బిళ్ళను వెలువరించినది.