గ్రేస్ హాపర్: పురుగు కథ అందరికీ తెలుసు.. కంపెనీలకు పరీక్ష పెట్టిన కథ తెలుసా?

ఏఐ ఏజెంట్లు ఇప్పుడు మన తరఫున టికెట్లు వెతుకుతున్నాయి, కోడ్ రాస్తున్నాయి, ఫైళ్లు తిరగేస్తున్నాయి. ఇవన్నీ ఏజెంట్ ఒంటరిగా చేసేయదు. ఒక్కో పనికి ఒక్కో సాఫ్ట్‌వేర్ టూల్‌ను పిలుస్తుంది. ఏ టూల్ దేనికి పనికొస్తుందో ఎవరో రాసిపెట్టిన వివరణ చూసే ఎంచుకుంటుంది. మరి ఆ వివరణే తప్పైతే? టూల్ చెప్పినట్టు పనిచేయకపోతే? ఏఐ ఏజెంట్లు పుట్టక ముందే, ఇలాంటి ప్రశ్నలతో 40 ఏళ్లకు పైగా కుస్తీ పట్టిన మహిళ ఒకరున్నారు. ఆమే గ్రేస్ హాపర్.

1906 డిసెంబర్ 9న న్యూయార్క్‌లో పుట్టారు. ఏడేళ్ల వయసులో అలారం గడియారం లోపల ఏముందో చూద్దామని ఇంట్లో ఉన్న ఏడింటినీ విప్పేసిందట. ఇకపై ఒక్కదాంతోనే ఆడుకోవాలని తల్లి కట్టడి చేసింది. యేల్ యూనివర్సిటీలో 1934లో గణితంలో డాక్టరేట్ అందుకుని, వాసర్ కాలేజీలో పాఠాలు చెప్పారు. అంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. నేవీలో చేరతానంటే వయసు ఎక్కువ, బరువు తక్కువ అన్నారు. ఆమె వదల్లేదు. ప్రత్యేక అనుమతి తెచ్చుకుని 1943 డిసెంబర్‌లో చేరిపోయారు.

1944లో హార్వర్డ్‌కు పంపారు. అక్కడుంది మార్క్ 1. 51 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తున్న లెక్కల యంత్రం. యుద్ధానికి కావాల్సిన లెక్కలు దాని మీద చేసేవాళ్లు. అణుబాంబుకు సంబంధించిన ఒక లెక్క కూడా అక్కడే నడిచింది. అది దేనికోసమో చేసేవాళ్లకు తెలియదు. బాస్ హోవార్డ్ ఐకెన్ ఆమెకు ఇంకో డ్యూటీ వేశారు. ఈ యంత్రం గురించి పుస్తకం రాయాలి. తనకు పుస్తకం రాయడం రాదన్నా వినలేదు. 1946లో వచ్చిన ఆ మాన్యువల్ 500 పేజీలకు పైనే ఉంటుంది. ఏ భాగం ఏం చేస్తుంది, దానికి ఆదేశం ఎలా ఇవ్వాలి.. అన్నీ అందులో ఉన్నాయి.

ఇక్కడే ఆమె ఒక విషయం గమనించారు. సైన్ విలువ కట్టడం లాంటి తరచూ వచ్చే లెక్కలకు ప్రోగ్రామర్లు ఒకసారి కోడ్ రాసి నోట్‌బుక్కుల్లో దాచుకునేవాళ్లు. మళ్లీ అవసరమైతే పక్కవాళ్ల నోట్‌బుక్ అడిగి చేత్తో ఎక్కించుకోవడమే. ఆ ఎక్కించుకోవడంలోనే కొంప మునిగేది. 4 కాస్తా ఇంకో గుర్తు అయిపోయేది. బీ అక్షరం 13గా మారిపోయేది. కోడ్ మంచిదే, కాపీ తప్పు. అయినా ఆన్సర్ తప్పే కదా!

మరి పురుగు కథ? 1947 సెప్టెంబర్ 9న మార్క్ 2 రిలేలో చిక్కుకున్న చిమ్మటను లాగ్‌బుక్‌లో టేపుతో అతికించారు. అది జరిగింది నిజం. కానీ దాన్ని పట్టుకున్నది హాపర్ కాదు. బగ్ అనే మాట కూడా అంతకు చాలా ముందే ఇంజినీర్ల నోట్లో ఉంది. ఇంటర్నెట్‌లో తిరిగేది మాత్రం ఇదొక్కటే.

అసలు మలుపు 1949లో ఫిలడెల్ఫియాలో యూనివాక్ కంప్యూటర్ తయారుచేస్తున్న కంపెనీలో చేరాక వచ్చింది. మనిషి కాపీ చేస్తే తప్పులొస్తున్నాయి కదా, ఆ పనేదో మెషీన్‌కే ఇచ్చేస్తే? ప్రతి చిన్న ప్రోగ్రామ్‌కూ ఒక నంబర్ ఇచ్చి టేపు మీద లైబ్రరీలా పెట్టారు. నంబర్లు ఇస్తే చాలు, కంప్యూటరే వాటిని వెతికి తెచ్చి వరుసలో అతికించుకుంటుంది. అదే 1952 నాటి ఏ-0 కంపైలర్. ఇప్పటి కంపైలర్లతో పోలిస్తే చాలా చిన్నది. కంప్యూటర్ లెక్కలు తప్ప ఇంకేం చేయలేదని నమ్మేవాళ్లు అప్పట్లో దీన్ని పట్టించుకోలేదు.

తర్వాత మామూలు ఇంగ్లీష్ మాటలతో ఆదేశాలిచ్చే పద్ధతి తెచ్చారు. ఇదే ప్రోగ్రామ్ ఫ్రెంచ్‌లో, జర్మన్‌లో కూడా రాయొచ్చని చూపిస్తే కంపెనీ పెద్దలు కంగారుపడ్డారు. అమెరికా కంప్యూటర్‌కు ఫ్రెంచ్ ఎలా వస్తుందని వాళ్ల అనుమానం! ఆ పద్ధతి ప్రభావంతోనే కమిటీ కూర్చుని కోబాల్ భాషను తయారుచేసింది.

1966 చివర్లో నేవీ ఆమెను రిటైర్ చేసింది. ఏడాది కూడా తిరగకుండానే, 1967 ఆగస్టులో ఆరు నెలల పని ఉందంటూ వెనక్కి పిలిచింది. ఆ ఆరు నెలలు 19 ఏళ్లు సాగాయి.

ఆ పని ఏంటంటే.. కోబాల్‌లో ఒకసారి రాస్తే ఏ కంపెనీ కంప్యూటర్ మీదైనా నడవాలి. కాగితం మీద అంతే. ప్రతి కంపెనీ తమ కంపైలర్ పక్కా కోబాల్ అని చెప్పుకునేది. తీరా ఇంకో మెషీన్ మీదకి తీసుకెళ్తే అదే ప్రోగ్రామ్ మొరాయించేది. జీతాల లెక్కో, స్టాక్ లెక్కో మళ్లీ మొదటి నుంచి రాసుకోవాల్సిన పరిస్థితి. ఖర్చు మాత్రం నేవీది.

హాపర్ బృందం కంపెనీల మాట నమ్మడం మానేసింది. చిన్న చిన్న టెస్ట్ ప్రోగ్రామ్‌లు రాసింది. భాషలోని ఒక్కో అంశానికి ఒక్కో పరీక్ష. జవాబు ముందే తెలుసు. అందరి కంపైలర్లకూ అవే ప్రశ్నలు. వచ్చిన జవాబు సరిపోతే పాస్, లేదంటే ఫెయిల్. బ్రోచర్‌లో ఏం రాసుకున్నారన్నది లెక్కలోకే రాదు. తర్వాత అమెరికా ప్రభుత్వ ఆఫీసులు కొనే కోబాల్ కంపైలర్లకు ఈ తరహా పరీక్ష తప్పనిసరైంది. చిమ్మటకు వచ్చిన పేరులో పదో వంతు కూడా దీనికి రాలేదు. నిజానికి ఎక్కువ డబ్బు, ఎక్కువ శ్రమ కాపాడింది ఇదే అనిపిస్తుంది.

1986 ఆగస్టు 14న బోస్టన్‌లో యూఎస్ఎస్ కాన్‌స్టిట్యూషన్ నౌక మీద ఆమె రియర్ అడ్మిరల్‌గా రిటైర్ అయ్యారు. అప్పటికి 79 ఏళ్లు. ఊరికే కూర్చోలేదు, డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీకి సలహాదారుగా చేరారు. 1992 జనవరి 1న కన్నుమూశారు. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో సైనిక లాంఛనాలతో ఖననం చేశారు. 2016లో ఒబామా ప్రభుత్వం ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ప్రకటించింది. 2022లో ఎన్‌విడియా తన కొత్త చిప్‌ల డిజైన్‌కు హాపర్ అని పేరు పెట్టింది. ఏఐ కంపెనీలు ఎగబడి కొన్న హెచ్100 ఆ కుటుంబంలోదే.