మందొక్కటే చాలదన్న వైద్యుడు రోనాల్డ్ రాస్

వానాకాలం వచ్చిందంటే అమీర్‌పేట హాస్టళ్లలో జ్వరాల కాలం వచ్చినట్టే. కోచింగ్ కోసం జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు ఒక్కో గదిలో నలుగురైదుగురు ఉంటారు. ఒకరికి ఒళ్లు కాలితే కింద మెడికల్ షాపులో డాక్టరు చీటీ లేకుండానే యాంటీబయాటిక్ కొనుక్కుని మింగుతారు. తగ్గకపోతే పంజగుట్ట నిమ్స్‌కు పరుగు. ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు చదువుతున్నప్పుడు ఈ పిల్లల పేర్లు మనం వింటూనే ఉంటాం.

మందుల అమ్మకంపై చట్టాన్ని ఎంత బిగించాలన్న వాదన దేశంలో ఆగలేదు. 1940 నాటి చట్టం స్థానంలో కొత్తది తేవాలని కేంద్రం 2022లో ముసాయిదా బయటపెట్టింది. ఇలాంటి వాదనలోనే సగం జీవితం గడిపిన ఒక వైద్యుడు మనకు ఇరుగుపొరుగువాడే అనుకోవచ్చు. అమీర్‌పేట నుంచి బేగంపేట వైపు వెళ్తే, పాత విమానాశ్రయం దగ్గర ఆయన పనిచేసిన భవనం ఇప్పటికీ ఉంది. దాని ముందు నుంచి రోజూ వెళ్లే మనలో ఎందరం లోపలికి తొంగిచూశాం?

రోనాల్డ్ రాస్ 1857 మే 13న అల్మోరాలో పుట్టాడు. తండ్రి సైన్యాధికారి. కొడుక్కి కవిత్వం, సంగీతం ఇష్టమైతే తండ్రి పట్టుబట్టి వైద్యంలో చేర్పించాడు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాక కూడా చాలా ఏళ్లు మనసు రచనల మీదే. 1894లో లండన్‌లో పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు మలేరియా క్రిమిని సూక్ష్మదర్శినిలో చూపించి, దీని వెనుక దోమ ఉండవచ్చని తన అనుమానం చెప్పాడు. మరుసటి ఏడే రాస్ సికింద్రాబాద్‌లో దోమలను కోయడం మొదలుపెట్టాడు. మధ్యలో పైవాళ్లు కలరా అదుపు చేయమని బెంగుళూరు పంపారు. మురుగు కాల్వల సంగతి, మున్సిపాలిటీ ఖర్చుల సంగతి ఆయనకు తెలిసివచ్చింది అక్కడే. నీలగిరి ప్రాంతంలో తనకే మలేరియా సోకింది.

1897 ఆగస్టు. ఉక్కపోత. పంకా ఊపిస్తే కోసిపెట్టిన దోమలు ఎగిరిపోతాయని గాలి లేకుండా కూర్చునేవాడు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి. హుసేన్ ఖాన్ అనే రోగి కుట్టించుకున్న ఒక్కో దోమకు ఒక అణా తీసుకున్నాడు. (రాస్ పేరు బోర్డు మీద ఉంది. హుసేన్ ఖాన్ పేరు ఎంతమందికి తెలుసు?) అంతకు ముందు కోసిన వందల దోమలు వేరే రకానివి. రెక్కల మీద మచ్చలున్న రకాన్ని పరీక్షించాకే, ఆగస్టు 20న, దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమి కనిపించింది. ఆ సంతోషంలో దేవుణ్ణి స్తుతిస్తూ పద్యం రాసి భార్యకు పంపాడు. నెల తిరక్కుండానే మలేరియా అంతగా లేని రాజపుతానాకు బదిలీ చేశారు! తరువాతి ఏడు కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, దోమ కాటుతోనే జబ్బు పాకుతుందని రుజువు చేశాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది.

చాలామంది ఆయన కథను ఇక్కడితో ఆపేస్తారు. మాకైతే ఆ తరువాతి భాగమే ముఖ్యమనిపిస్తుంది. మలేరియాకు అప్పటికే మందుంది, క్వినైన్. జర్మనీ శాస్త్రవేత్త కోక్ అందరికీ క్వినైన్ ఇవ్వడమే మార్గమన్నాడు. ఇటలీ 1900లో చట్టం చేసి, ప్రభుత్వమే చౌకగా అమ్మేలా ఏర్పాటు చేసింది. మన దేశంలో బెంగాల్ పోస్టాఫీసుల్లో చిన్న పొట్లాలుగా అమ్మారు. మందు వద్దని రాస్ ఎప్పుడూ అనలేదు. దోమ పుట్టే నీటిగుంటను వదిలేసి మందు పంచుతూపోతే జబ్బుకు అంతం ఉండదన్నది ఆయన వాదన. సూయజ్ కాల్వ మీది ఇస్మాయిలియాలో ఆయన సలహాతో గుంటలు పూడ్చాక కొద్ది ఏళ్లలోనే మలేరియా దాదాపు పోయింది. లాహోర్ దగ్గర మియాన్ మీర్ కంటోన్మెంటులో అధికారులు చేసిన ప్రయత్నం మాత్రం విఫలమైందని తేల్చారు. చిన్న ప్రాంతంలో, తక్కువ డబ్బుతో చేసి చేతులెత్తేశారని రాస్ మండిపడ్డాడు. 1909లో సిమ్లాలో జరిగిన మలేరియా సమావేశంలోనూ ఈ గొడవే. లెక్కలంటే ఇష్టమున్న ఆయన మరో మాట కూడా తేల్చాడు: దోమలన్నిటినీ చంపనక్కర్లేదు, ఒక హద్దు కిందికి తగ్గిస్తే జబ్బు తనంతట తానే ఆరిపోతుంది.

ఆయన సాధువేమీ కాదు. ఇటలీ శాస్త్రవేత్త గ్రాసీతో బతికినంతకాలం కీచులాడాడు. దారి చూపిన మాన్సన్‌తోనూ చెడింది. 1928లో డబ్బు అవసరమై తన కాగితాలన్నీ అమ్మకానికి పెట్టాడు. 1932 సెప్టెంబరు 16న లండన్‌లో కన్నుమూశాడు.

అంతకు ముందే ఇక్కడ నాసిరకం, కల్తీ మందుల మీద గగ్గోలు రేగింది. వాటిలో క్వినైన్‌ది పెద్ద భాగం. 1930లో రామనాథ్ చోప్రా అధ్యక్షతన కమిటీ వేశారు. దాని ఫలితమే 1940 చట్టం. అంటే మన మందుల చట్టం వేళ్లలో మలేరియా ఉంది. ఈరోజు టీబీ మందులు, కొన్ని బలమైన యాంటీబయాటిక్‌లు షెడ్యూల్ హెచ్1 కింద ఉన్నాయి. వాటిని అమ్మిన షాపు డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టరులో రాయాలి. 2014 నుంచి ఈ నియమం అమల్లో ఉంది. దీన్ని గట్టిగా అమలు చేయాలనే మేము కోరుతున్నాం. డాక్టరు దొరకని పల్లెలో పేదవాడి మాటేమిటని అడిగేవారి ప్రశ్నా న్యాయమైనదే. ఆ పల్లెకు డాక్టరును పంపకుండా చట్టం ఒక్కటే పంపితే కష్టపడేది అతనే.

డెంగీకి యాంటీబయాటిక్ పనిచేయదు. దాని దోమ మంచినీళ్లలోనే పుడుతుంది. మోషే కాలంలో పాళెము శుభ్రత గురించి దేవుడే ఆజ్ఞలిచ్చాడని మన పాస్టర్లు బోధిస్తారు. అమీర్‌పేటలో మనవాళ్లు నడిపే హాస్టళ్లున్నాయి, చర్చి డాబాల మీద మూతల్లేని ట్యాంకులున్నాయి. బాప్తిస్మపు తొట్టి సంగతి కూడా చూడాలి. ఆ ఆదివారం నింపిన నీళ్లు చాలాచోట్ల మళ్లీ బాప్తిస్మాలు వచ్చేదాకా అలాగే ఉంటాయి. వాటిని ఆ సాయంత్రమే తీసేసే పని యవనస్థుల కూటానికి అప్పగించమని సంఘ పెద్దలను అడుగుతున్నాం.