కాయకజీవులను కావ్యనాయకులను చేసిన పాల్కురికి సోమనాథుడు

రామాయణ భారతములయందు వీరుడనగా విల్లు చేపట్టిన రాజకుమారుడు. సూర్యవంశమో చంద్రవంశమో ఆయనకుండవలెను. 11వ శతాబ్దియందు రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయభట్టారకుడు భారతాంధ్రీకరణమునకు పూనుకొన్నపుడు ఆ వీరులే తెనుగు కావ్యములలోనికి వచ్చిరి. పాండవులు తన వంశమువారేయని ఆ రాజునకు గర్వము. ఇట్టి సాహిత్యమున మడివాలును, కుమ్మరిని, బుట్టలల్లు మేదరిని వీరులుగా నిలిపిన మహాకవి పాల్కురికి సోమనాథుడు.

సోమనాథుని జన్మస్థలము ఓరుగల్లు సీమలోని పాలకుర్తి. నేడది తెలంగాణమున జనగామ జిల్లాలో నున్నది. పోతన పుట్టిన బమ్మెర దానికి సమీపముననే కలదు. తల్లి శ్రియాదేవి, తండ్రి విష్ణురామిదేవుడు, గురువు కరస్థలి విశ్వనాథయ్య. ఆయన 12వ శతాబ్ది చివరివాడని కొందరు, కాకతి ప్రతాపరుద్రుని కాలమువాడని కొందరు పండితులు వాదించిరి. కులమును గూర్చిన వాదములును తక్కువ కావు. భృంగిరిటి గోత్రుడనని ఆయనయే చెప్పుకొనగా వేరొక కులవిచారణ మనకెందులకు?

ఆయన సంస్కృతమున భాష్యము రచించిన విద్వాంసుడు. కన్నడమునందును రచనలు చేసెను. అంతటివాడు బసవపురాణమును మార్గకవుల చంపూపద్ధతిని విడిచి, దేశిచ్ఛందమైన ద్విపదలో, జాను తెనుగున, ఏడాశ్వాసములుగా రచించెను. చదువు రానివారును కలసి పాడుకొనవలెనని ఆయన కోరిక.

ఆ పురాణమున బసవేశ్వరుని చరిత్రము నడుమ శివభక్తుల కథలు పెక్కు పొదుగబడినవి. అందు మాదర చెన్నయ్య కథ యొకటి చాలును. చెన్నయ్య కరికాలచోళుని గుఱ్ఱములకు గడ్డి కోసి తెచ్చి బ్రతుకువాడు. తన భక్తిని ఎవ్వరికిని తెలియనీయక దాచుకొన్నవాడు. ఒకనాడు ఆయన పెట్టిన అంబలిని శివుడు కడుపార ఆరగించెను. ఆనాడు చోళరాజు నివేదించిన రాజాన్నము తాకబడక అట్లే యుండెను. తన వలన ఏ యపరాధము జరిగినదోయని రాజు కలత చెందగా, శివుడు చెన్నయ్య యింటి అంబలి మాట చెప్పెను. రాజు ఆ గడ్డి కోయువానిని వెదకికొని పోయి పాదములపై బడెను. వ్యాసవాల్మీకుల లోకమున చక్రవర్తుల ముంగిట ఋషులు నిలిచిరి. ఇచ్చట చక్రవర్తియే పేదవాని ముంగిట నిలిచినాడు.

మడివాలు మాచయ్య భక్తుల వస్త్రములను తప్ప ఇతరుల వస్త్రములను ఉతుకడు. కుమ్మర గుండయ్య కుండను వాయించుచుండగా శివుడు ఆడును. గొడగూచి యను పసిపిల్ల తాను తెచ్చిన పాలు దేవుడు త్రాగలేదని వెక్కివెక్కి యేడ్చును. శివునకు తల్లి లేదు గదా యని జాలిపడి, తానే తల్లియై ఆయనకు నీళ్లు పోసి పాలు పట్టిన బెజ్జ మహాదేవి కథ తెనుగున వాత్సల్యమునకు పరాకాష్ఠ.

అన్ని కథలును ఇంత మెత్తనివి కావు. సిరియాళుడు అతిథికొరకు కన్నకొడుకును కోసి వండించుట, భక్తులైన అల్లయ మధువయ్యల కన్నులు తీయించిన బిజ్జలుని జగదేవుడు సంహరించుట నేటి పాఠకునకు కఠినముగా తోచును. ఆ కాఠిన్యమును కవి దాచలేదు. దానిని దాచి చెప్పుట మనకును తగదు.

ఈ కావ్యమునకు తిరస్కారమును తప్పలేదు. ఓరుగంటి శివాలయమున భక్తులు గుమిగూడి బసవపురాణము వినుచుండగా ప్రతాపరుద్రుడు అచ్చటికి వచ్చెనట. అదేమని రాజు అడుగగా, ప్రక్కనున్న విప్రుడొకడు అది యతిస్థానమున ప్రాస చెల్లించిన వట్టి ద్విపదయనియు, ప్రమాణగ్రంథము కాదనియు చెప్పగా రాజు వెడలిపోయెనట. ఈ వృత్తాంతమును చెప్పినవాడు పిడుపర్తి సోమనాథుడు. ద్విపదకు పండితులలో గౌరవము లేమిచేత ఆయన బసవపురాణమును పద్యకావ్యముగా మరల రచింపవలసి వచ్చెను. అయినను 1926లో వేటూరి ప్రభాకరశాస్త్రి విపులమైన పీఠికతో ప్రకటించినది పాల్కురికివాని ద్విపదనే.

బసవపురాణము పిదప సోమనాథుడు పండితారాధ్యచరిత్రమును ఐదు ప్రకరణములుగా, అదియు ద్విపదలోనే, రచించెను. అందలి పర్వతప్రకరణమున శ్రీశైలయాత్రికుల సందడి, తుమ్మెదపదములు, వెన్నెలపదములు, బొమ్మలాటలు మున్నగు వానిని పేర్కొనెను. నాటి తెలుగువారి ఆటపాటలను తెలియగోరువారికి అంతకు మించిన గని లేదు. చిలుకూరి నారాయణరావు దానిని 1939లో పరిష్కరించి ప్రకటించెను.

తుదకు ఆయన కన్నడదేశమునకు పోయి, మాగడి సమీపమునగల కల్యగ్రామమున లింగైక్యము చెందెనని సంప్రదాయము. 1369లో భీమకవి బసవపురాణమును కన్నడషట్పదులలోనికి పరివర్తించెను. అటుపిమ్మట విరక్త తోంటదార్యుడు సోమనాథుని జీవితమునే యొక పురాణముగా కన్నడమున రచించెను. గడ్డి కోయువానిని కావ్యమున నిలిపిన కవి ఇట్లు తానును కావ్యనాయకుడయ్యెను.