కంతలోంచి చూసిన కన్ను

మా బడి వెనక కొత్త భవనం కడుతున్నారు. చుట్టూ రేకులు అడ్డం పెట్టారు. ఇంటర్వెల్ గంట కొట్టగానే పిల్లలు కుళాయి దగ్గరికి వెళ్లడం మానేసి ఆ రేకుల దగ్గరికి పరిగెడుతున్నారు. ఒక రేకుకు మేకు ఊడి కంత పడింది. వరసలో నిలబడి, ఒక కన్ను మూసుకుని ఒక్కొక్కరే చూస్తారు. తొంగిచూడడం తప్పని మేము కేకలేశాం. వాళ్లు క్లాసుకు వెళ్లాక మేమూ ఒకసారి చూశాం. పెద్ద గొయ్యి, అందులో నీళ్లు, ఆ నీళ్లలో ఆకాశం. బాగుంది.

ఆ వారమే ఇంకో సంగతి జరిగింది. విహారయాత్రకు వెళ్లినప్పుడు ఒక పిల్లవాడు వాళ్ల నాన్న సెల్‌ఫోన్‌తో ఫొటో తీశాడు. బస్టాండులో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్మే ముసలమ్మ, నోరు తెరుచుకుని కునుకు తీస్తోంది. ఆ ఫొటో తరగతి వాట్సాప్ గ్రూపులో తిరిగింది. పిల్లలు నవ్వారు, కొందరు తల్లిదండ్రులూ నవ్వారు. ఇది తప్పని మాకు తెలుస్తూనే ఉంది. కానీ రేకు కంతలోంచి చూడడానికీ దీనికీ తేడా ఏమిటని పిల్లలు అడిగితే వెంటనే జవాబు తోచలేదు. ఆ జవాబు వెతుక్కుంటూ తరగతిలో మేము చెప్పిన జీవితకథ ఇది.

హెన్రీ కార్టియర్ బ్రెసన్ 1908 ఆగస్టు 22న ఫ్రాన్సులో, పారిస్‌కు దగ్గరలోని షాంతెలూ అనే ఊళ్లో పుట్టారు. వాళ్లది దారం తయారుచేసే కలిగిన కుటుంబం. ఐదుగురు పిల్లల్లో పెద్దవాడు కాబట్టి వ్యాపారం అందుకుంటాడని తండ్రి ఆశపడ్డారు. ఈయన ధ్యాసంతా బొమ్మలు గీయడం మీదే. బడి చదువు చివర రాసే బాకలోరియా పరీక్ష మూడుసార్లు తప్పారు. ఆ తర్వాత ఆంద్రే లోత్ అనే చిత్రకారుడి దగ్గర చేరారు. బొమ్మలో ఏది ఎక్కడ ఉండాలో, గీతకూ గీతకూ మధ్య పొందిక ఏమిటో అక్కడే వంటబట్టింది.

ఇరవై రెండేళ్లప్పుడు ఆఫ్రికాలోని ఐవరీ కోస్టుకు వెళ్లారు. అక్కడ వేటాడుతూ బతికారు. విషజ్వరం పట్టుకుని చావు తప్పదనుకున్నారు. తన అంత్యక్రియలు ఎలా జరపాలో, ఏ సంగీతం వాయించాలో రాసి తాతగారికి ఉత్తరం పంపారు. అదంతా బోలెడు ఖర్చు, ముందు ఇంటికి వచ్చెయ్యమని అటు నుంచి జవాబు వచ్చింది. బతికి బయటపడ్డారు.

తిరిగి వచ్చాక ఒక ఫొటో ఆయన కంటబడింది. మార్టిన్ ముంకాచీ తీసినది. టాంగన్యీకా సరస్సు ఒడ్డున ముగ్గురు కుర్రాళ్లు అలల్లోకి పరిగెడుతున్నారు. ఒక్క క్షణాన్ని పట్టుకుని ఎప్పటికీ నిలపవచ్చని అది చూశాకే ఆయనకు అర్థమైంది. 1932లో లైకా కెమెరా కొన్నారు. అరచేతిలో ఇమిడేంత చిన్నది. మెరిసే భాగాలు కనబడకుండా నల్లటి టేపు అంటించారు. కెమెరాను చూడగానే మనిషి మొహం మారిపోతుందని ఆయనకు తెలుసు.

అదే ఏడాది పారిస్‌లో సెంట్ లజార్ రైల్వే స్టేషను వెనక చెక్కల దడి ఒకటి ఎదురైంది. రెండు చెక్కల మధ్య లెన్సు పట్టేంత సందు ఉంది. లెన్సు పెడితే ఇక కంటికి చోటు లేదు. అవతల నీటిమడుగు దాటడానికి ఒకతను దూకాడు. మడమ నీళ్లకు తగలబోతున్న ఆ క్షణంలో బ్రెసన్ మీట నొక్కారు. తీసిన ఫొటో అంచులు కత్తిరించడం ఆయనకు నచ్చని పని. ఈ ఫొటోకు మాత్రం కత్తిరించక తప్పలేదు, ఒక పక్కన చెక్క అడ్డం వచ్చింది మరి. గత శతాబ్దపు ఫొటోల్లో ఎక్కువగా పేరు పొందిన వాటిలో ఇది ఒకటి.

ఆ ఏడే బ్రస్సెల్స్‌లో తీసిన ఇంకో ఫొటో మా పిల్లలకు బాగా నచ్చింది. గుడ్డ తెర కట్టి ఉంది. ఒకతను తెరకున్న కంతలో కన్ను పెట్టి లోపలికి చూస్తున్నాడు. పక్కనే మీసాల పెద్దమనిషి మొహం ఇటు తిప్పి, తనకేమీ పట్టనట్టు నిలబడ్డాడు. కానీ ఆయన నిలబడింది తెర దగ్గరే! చూస్తూ దొరికిపోవడం ఒకరి వంతు, చూడలేదని నటించడం ఒకరి వంతు. కేకలేసి ఆనక మేము చూసిన సంగతి గుర్తొచ్చి మాకూ నవ్వొచ్చింది.

1933లో స్పెయిన్‌లోని సెవిల్‌లో కూలిన గోడ కంతలోంచి ఆడుకుంటున్న పిల్లల్ని తీశారు. వాళ్లలో ఒకడు ఊతకర్రల మీద ఉన్నాడు. కెమెరా అతన్ని వేరుచేసి చూపించదు. ఆటలో అతనూ ఒకడు.

1937 మే 12న లండన్‌లో ఆరో జార్జి పట్టాభిషేకం జరిగింది. ఒక ఫ్రెంచి పత్రిక తరఫున బ్రెసన్ వెళ్లారు. రాజు ఊరేగింపు వైపు కెమెరా తిప్పకుండా, దాన్ని చూడడానికి వచ్చిన జనాన్ని తీశారు. మెడలు సాచేవాళ్లు, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కేవాళ్లు, ఎదురుచూసి అలిసిపోయి కింద కాగితాల మీదే నిద్రపోయిన మనిషి. ఆ రోజు మామూలు మనుషుల మొహాలు ఎలా ఉన్నాయో ఆ ఫొటోల్లో మనకు కనబడుతుంది.

యుద్ధంలో 1940 జూన్‌లో జర్మన్లకు పట్టుబడ్డారు. అంతకుముందే కెమెరాను ఒక పొలంలో పాతిపెట్టారు. రెండుసార్లు పారిపోబోయి దొరికారు. మూడోసారి, 1943లో తప్పించుకున్నారు. వెళ్లి కెమెరా తవ్వి తీసుకున్నారు. ఆయన చనిపోయారనుకుని న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం వాళ్లు స్మారక ప్రదర్శనకు సిద్ధమయ్యారు. 1947లో ఆ ప్రదర్శన ఆయన సమక్షంలోనే జరిగింది. ఆ ఏడే మిత్రులతో కలిసి మాగ్నమ్ అనే ఫొటోగ్రాఫర్ల సంస్థను స్థాపించారు.

తర్వాత భార్య, జావా నర్తకి రత్న మోహినితో కలిసి మన దేశానికి వచ్చారు. 1948 జనవరి 30 మధ్యాహ్నం ఢిల్లీలో గాంధీగారిని కలిసి తన ఫొటోల పుస్తకం చూపించారు. పేజీలు తిప్పుతూ గాంధీగారు ఒక ఫొటో దగ్గర ఆగారు. అందులో ఫ్రెంచి కవి పాల్ క్లోదెల్ శవాన్ని తీసుకెళ్లే బండి వైపు చూస్తున్నారు. దీని అర్థమేమిటని గాంధీగారు అడిగారు. బ్రెసన్ బయటికి వచ్చిన కొద్దిసేపటికే గాంధీగారిని కాల్చి చంపారు. ఆ రాత్రి గేటు దగ్గర నెహ్రూ జనానికి ఆ వార్త చెబుతున్న ఫొటో మసకగా ఉంటుంది. ఫ్లాష్ వెలిగించడం మర్యాద కాదని బ్రెసన్ నమ్మకం. ఆ దుఃఖంలోనూ ఉన్న వెలుతురుతోనే సరిపెట్టుకున్నారు.

1950 ఏప్రిల్‌లో తిరువణ్ణామలై వెళ్లి, రమణ మహర్షిని చివరి రోజుల్లో ఫొటోలు తీశారు. 14వ తేదీ రాత్రి మహర్షి కన్నుమూసినప్పుడు ఆ ఊళ్లోనే ఉన్నారు. అక్కడి నుంచి పుదుచ్చేరి వెళ్లారు. పుదుచ్చేరి, యానాం రెండూ అప్పటికి ఫ్రెంచి పాలనలోనే ఉన్నాయి. అరవిందులు గదిలోంచి బయటికి రాకుండా, ఏడాదిలో కొద్ది రోజులు మాత్రమే దర్శనమిచ్చేవారు. ఎన్నో ఏళ్లుగా ఆయన్ను ఎవరూ ఫొటో తీయలేదు. బ్రెసన్ ముందుగా అడిగి, ఆశ్రమం ఒప్పుకున్నాకే ఆ గదిలో అడుగుపెట్టారు.

మాకు కావలసిన జవాబు ఇక్కడే దొరికింది. వీధిలో జనం మధ్య ఆయన ఎవరినీ అడగలేదు. అడిగితే ఆ క్షణం ఉండదు. తలుపు మూసి ఉన్నచోట మాత్రం అడిగారు. వీధిలో తీసినవైనా సరే, ఎవరినో చిన్నబుచ్చడానికి తీసినట్టు ఉండవు.

1952లో వచ్చిన ఆయన పుస్తకానికి ఫ్రెంచిలో పెట్టిన పేరు, పోలీసు వస్తాడేమోనని ఒక కన్ను అటేసి గబగబా అమ్ముకునే వీధి వ్యాపారుల్ని గుర్తుచేస్తుంది. అట్ట మీది బొమ్మ మతీస్ వేశారు. ఇంగ్లిషులో అదే పుస్తకం నిర్ణాయక క్షణం అనే అర్థమిచ్చే పేరుతో వచ్చింది. లోకానికి ఈ రెండోదే గుర్తుండిపోయింది.

లోకమంతా తొంగిచూసిన ఈ మనిషికి తనను ఎవరైనా ఫొటో తీస్తే నచ్చేది కాదు. 1975లో ఆక్స్‌ఫర్డ్ గౌరవ డాక్టరేటు ఇచ్చినప్పుడు మొహానికి కాగితం అడ్డం పెట్టుకున్నారు. ఇది చెప్పగానే పిల్లలు ఊరుకోలేదు, అది న్యాయమా అని అడిగారు. న్యాయం కాదేమో అనే మేమూ అన్నాం. కానీ చూడబడడం ఎంత ఇబ్బందో ఆయనకు బాగా తెలుసని దాన్నిబట్టే అర్థమవుతుంది. ఆ ఇబ్బంది తెలిసినవాడి చేతిలో కెమెరా ఉండడం వేరు, తెలియనివాడి చేతిలో ఉండడం వేరు.

డెబ్బైల తొలినాళ్లకు కెమెరా చాలావరకు పక్కనపెట్టి మళ్లీ పెన్సిలు పట్టారు. 2004 ఆగస్టు 3న, తొంభై ఆరో ఏడు నిండడానికి కొన్ని రోజుల ముందు కన్నుమూశారు.

కథ అయ్యాక ఆ ఫొటో తీసిన పిల్లవాణ్ని అందరి ముందూ ఏమీ అనలేదు. తరగతి మొత్తానికీ ఒకటే ప్రశ్న వేశాం: మీరు తీసిన ఫొటోను, అందులో ఉన్న మనిషికి చూపించగలరా? సాయంత్రం బడి వదిలాక వాడొక్కడే మా దగ్గరికి వచ్చాడు. ఆ అవ్వకు చూపించలేనన్నాడు. గ్రూపులోంచి ఎలా తీసేయాలని అడిగాడు. మా ఫోన్‌లోంచి కూడా తీసేశాం. ఇంట్లో తల్లిదండ్రులు ఫొటో పంపే ముందు ఇదే ప్రశ్న వేసుకుంటే చాలు, పిల్లలకు వేరే పాఠం అక్కర్లేదు.

రేకుకు కంత ఇంకా అలాగే ఉంది. ఇంటర్వెల్‌లో వరస కడుతూనే ఉన్నారు. మేము ఇప్పుడు కేకలేయడం లేదు. చూసి వచ్చినవాడు ఏం చూశాడో తెలుగులో నాలుగు వాక్యాలు రాసి చూపించాలి, అంతే.