మిఖాయిల్ మిల్

మిఖాయిల్ లియోంత్యెవిచ్ మిల్ (నవంబరు 22, 1909 - జనవరి 31, 1970) సోవియట్ యూనియన్‌కు చెందిన సుప్రసిద్ధ హెలికాప్టర్ల రూపశిల్పి. సైబీరియాలోని ఇర్కుట్స్క్ నగరంలో జన్మించాడు. 1931లో నొవొచెర్కాస్క్‌లో ఇంజనీరింగు విద్య పూర్తిచేశాడు. 1947లో హెలికాప్టర్ల రూపకల్పన సంస్థకు అధిపతి అయ్యాడు. ఇతడు రూపొందించిన మి-1 1948లోను, మి-8 1961లోను తొలిసారి ఎగిరాయి.

మి-8 అధిక బరువును మోస్తూ గాలిలో ఒకేచోట నిలువగలదు. అందువలన జలాశయంపై నిలిచి, క్రింద వేలాడే తొట్టిలో నీరు నింపుకొని, దారిలేని అడవులలోని మంటలపై కుమ్మరించడానికి అనువైనది. మిల్ మరణానంతరం దీని నుండి మి-17 రూపొందింది. 2014 మార్చిలో తిరుమల శేషాచలం అడవులు తగలబడినపుడు భారత వైమానిక దళం మి-17 హెలికాప్టర్లతోనే మంటలపై నీరు పోయించింది. అప్పటికి మిల్ మరణించి 44 సంవత్సరాలు.