కొండమీది చిన్నదియు, ఆమెను మనకిచ్చిన తల్లియు

ధ్యానమునకు: మత్తయి 18:1–10; లూకా 15:11–24

ప్రభువైన యేసు ఒక చిన్నబిడ్డను పిలిచి శిష్యుల మధ్య నిలువబెట్టిన సంగతి మనమందరము ఎరిగినదే. అట్టి చిన్నవారికి అభ్యంతరము కలుగజేయువాని గతి ఎంత భయంకరమో ఆయన అప్పుడే హెచ్చరించెను. ఈ వాక్యము చదివినప్పుడెల్ల మనము మన యిండ్లలోని బిడ్డలనే తలంచుకొందుము. అది తగినదే. అయితే ఈ నెల మరియొక బిడ్డను గూర్చి మీతో మాటలాడగోరుచున్నాము. ఆమె లోకములో పుట్టినది కాదు, పుస్తకములో పుట్టినది. ఆమె పేరు హైడి. ఇంగ్లీషు బడులకు పోవు మన బిడ్డలలో కొందరు ఆమెను ఎరుగుదురు.

కథలోని బిడ్డకు అభ్యంతరమేమి, ఆమెకు ప్రాణము లేదు గదా అని యెవరైనను అడుగవచ్చును. నిజమే. కాని ఆ బిడ్డ చేయి పట్టుకొని కొండమీదికి నడచు బిడ్డలకు ప్రాణమున్నది. ఆమెను పాడుచేసినచో దెబ్బ తగులునది వారికే. కనుక ఆమెను మనకిచ్చిన తల్లి యెవరో ముందుగా తెలిసికొందము.

ఆ తల్లి పేరు యోహన్నా స్పీరి. లూకా సువార్త 8వ అధ్యాయములో ప్రభువునకు ఉపచారము చేసిన స్త్రీలలో ఒకరి పేరే ఆమె పేరు. 1827 జూన్ 12వ తేదీన స్విట్జర్లాండు దేశములో జ్యూరిక్ పట్టణమునకు దగ్గరనున్న హిర్జెల్ అను కొండ పల్లెలో ఆమె పుట్టెను. తల్లివైపు తాత ఆ పల్లె సంఘమునకే పాదిరిగా నుండెను. తండ్రి వైద్యుడు. చుట్టుప్రక్కల రైతులు తమ రోగులను ఆయన యొద్దకే తెచ్చెడివారు. మతి చెడిన వారిని సహితము ఆయన తన యింటనే ఉంచుకొని చూచెడివాడు. కనుక దుఃఖమనగా ఏమో, వ్యాధియనగా ఏమో యోహన్నాకు చిన్ననాటనే తెలిసెను.

తల్లి పేరు మేటా. ఆమె దైవభక్తిగలది, కీర్తనలు వ్రాయునది. కాని పేరు కోరలేదు. 1858లో ఆమె పాటలు పుస్తకముగా అచ్చయినప్పుడు మీద ఆమె పేరు లేదు. మరుగున నున్న యొక స్త్రీ పాటలు అను భావమిచ్చు శీర్షిక మాత్రమే యుండెను. ఇట్టి తల్లి ఒడిలో యోహన్నా ప్రార్థన నేర్చుకొనెను.

పదునాలుగవ యేట ఆమెను చదువుకొరకు జ్యూరిక్ పట్టణమునకు పంపిరి. తరువాత ఫ్రెంచి భాష మాటలాడు ప్రాంతమునకును పంపిరి. తిరిగి వచ్చి కొన్ని సంవత్సరములు తన చెల్లెండ్రకు ఇంటనే చదువు చెప్పెను. 1852లో బెర్న్‌హార్డ్ స్పీరి అను న్యాయవాదిని వివాహము చేసికొని పట్టణములో కాపురముండెను. భర్త పనిమంతుడు, తరువాత నగర కార్యాలయములో పెద్ద ఉద్యోగి యాయెను. పనియే ఆయన లోకము. కొండగాలికి అలవాటుపడిన యోహన్నాకు పట్టణపు గోడలు బరువాయెను. 1855లో ఒక కుమారుడు కలిగెను, ఆ ఒక్కడే. ఆ కాలమున ఆమె మనస్సు చాల క్రుంగియుండెను. కోడలిగా పట్నము వెళ్లి, పుట్టిన ఊరి చెరువుగట్టును తలంచుకొని చాటున కన్నీరు తుడుచుకొనిన ఆడబిడ్డలు మన సంఘములలోను కలరు. వారికి ఈ దుఃఖము వివరింప నక్కరలేదు.

నలువది దాటిన తరువాత గాని ఆమె కథ వ్రాయలేదు. బ్రెమెన్ పట్టణపు పాదిరిగారొకరు ఆమెను ప్రోత్సహించిరి. 1871లో మొదటి కథ వెలువడెను. అది త్రాగుబోతు భర్త చేతిలో బాధలుపడిన యొక స్త్రీ కథ. పేరు వేయలేదు, రెండు పొడి అక్షరములు మాత్రమే వేసెను. తల్లి అలవాటు కుమార్తెకును వచ్చెను. 1880లో హైడి మొదటి భాగము వచ్చినప్పుడును రచయిత్రి పేరు లేదు. జనులు దానిని ప్రేమతో చేకొనిన పిమ్మట, 1881లో రెండవ భాగము మీద మాత్రము ఆమె పేరు అచ్చయ్యెను.

ఆ కథను ఎరుగనివారి కొరకు కొంచెము చెప్పుదుము. హైడి తలిదండ్రులు లేని అయిదేండ్ల పిల్ల. పెంచుచున్న పినతల్లి ఉద్యోగము దొరకినందున ఆమెను మయెన్‌ఫెల్డ్ ఊరి పై కొండమీద ఒంటరిగా నున్న తాత యొద్ద విడిచిపోవును. ఆ తాత యౌవనములో జూదమాడి, త్రాగి, తన ఆస్తినంతయు పాడుచేసినవాడు. ఊరివారిమీదను దేవునిమీదను అలిగి, గుడికి రాక కొండమీద కాపురమున్నవాడు. హైడి అటకమీద ఎండుగడ్డి పరచుకొని పండుకొనును, మేకల కాపరి పేతురుతో కొండలెక్కును, చూపులేని పేతురు అవ్వకు నేస్తమగును.

మూడేండ్లకు పినతల్లి మరల వచ్చి, ఆమెను ఫ్రాంక్‌ఫర్ట్ నగరములో నడువలేని క్లారా అను ధనికుల బిడ్డకు తోడుగా తీసికొనిపోవును. అక్కడ హైడికి లోటు లేదు గాని కొండ లేదు. గట్టి రొట్టె నమలలేని అవ్వ కొరకు తెల్లని మెత్తని రొట్టెలు దాచుకొనగా, ఇంటి పెత్తనము చేయు స్త్రీ వాటిని పారవేయించును. ఇంటిమీది బెంగచేత ఆ పిల్ల నిద్రలో లేచి నడచుచుండును. క్లారా నాయనమ్మ ఆమెకు చదువు నేర్పి, దుఃఖమును దేవునితో చెప్పుకొనుమని నేర్పును. హైడి ప్రార్థించును. జవాబు రాలేదని కొంతకాలమునకు మానివేయును. దేవుడు ఆలస్యము చేయుట విడిచిపెట్టుట కాదని ఆ పెద్దామె ఓపికతో తెలియజెప్పును.

ఈ కథకు కీలకము ఇక్కడనే యున్నది. చివరకు ఇల్లు చేరిన తరువాత ఆ చిన్నది సంగతి గ్రహించును. తాను అడిగిన దినముననే దేవుడు పంపివేసియుండినచో, తనకు చదువు వచ్చియుండదు. చదువు రానియెడల చూపులేని అవ్వకు పాటల పుస్తకము చదివి వినిపింపలేకపోయియుండును. తాతకు కూడ ఏమియు చదివియుండదు. ఆమె తాతకు చదివినది తప్పిపోయిన కుమారుని కథ. ఆ రాత్రి హైడి నిద్రపోయిన తరువాత ఆ ముసలివాడు ఆమె పడకయొద్ద నిలిచి, చేతులు జోడించి, కన్నీళ్లతో దేవుని వేడుకొనును. మరునాడు ఆదివారము. ఎన్నో ఏండ్ల తరువాత అతడు హైడి చేయి పట్టుకొని కొండదిగి గుడికి వచ్చును. ఊరివారు అతనిని చేర్చుకొందురు.

ఈ పుస్తకము వ్రాసిన తల్లికి ఆ ఆలస్యపు పాఠము కాగితముమీదనే నిలిచిపోలేదు. ఆమె ఏకైక కుమారుడు క్షయవ్యాధి పాలై 1884లో, ఇరువది యెనిమిదేండ్ల వయస్సున చనిపోయెను. ఆ సంవత్సరాంతమునకే భర్తయు చనిపోయెను. ఒక్క ఏడాదిలో ఆమె యిల్లు ఖాళీ ఆయెను. ఏ తల్లి ప్రార్థింపదు? కోరిన జవాబు ఆమెకు రాలేదు. అయినను ఆమె కలము విడువలేదు. పిల్లలకొరకును పెద్దలకొరకును వ్రాయుచునే యుండెను. మొత్తము కథలు 50కి దగ్గరగా నుండును. తన స్వంత జీవితమును లోకమునకు చాటుటకు మాత్రము ఇష్టపడలేదు. 1901 జూలై 7వ తేదీన జ్యూరిక్‌లో ఆమె కన్నుమూసెను.

తల్లి పోయిన తరువాత ఆ కథలోని బిడ్డకు ఏమి జరిగెను? గ్రంథకర్త చనిపోయిన కొన్ని సంవత్సరములకు చట్టమిచ్చిన హక్కు ముగియును. అప్పుడు ఆ కథను ఎవరైనను తీసికొని ఏమైనను చేయవచ్చును. 1930ల కాలములో ఫ్రెంచి అనువాదకుడొకడు హైడిని పెంచి పెద్దచేసి, పేతురునకు పెండ్లిచేసి, యోహన్నా వ్రాయని కథలు వ్రాసెను. 1937లో అమెరికాలో తీసిన చలనచిత్రములో, కఠినురాలు మాత్రమేయైన ఆ ఇంటి పెత్తందారిణి బిడ్డను అమ్మజూపునదిగా మారెను. 1974లో జపానువారు 52 భాగముల బొమ్మల చిత్రముగా తీసిరి. కొండలు, మేకలు, ఆ పిల్ల సంతోషము అందులో ఎంతో అందముగా నున్నవి. కాని దేవుని గూర్చిన సంగతులు చాలవరకు తగ్గిపోయినవి. 2022లో ఆమె స్వదేశమైన స్విట్జర్లాండులోనే, హైడి పేరుపెట్టి, ఆమె చేతికి ఆయుధమిచ్చి, హత్యలతోను రక్తముతోను నిండిన పెద్దల చిత్రమొకటి తీసిరి. 2023లో యోహన్నా స్పీరికిని హైడికిని సంబంధించిన పత్రములను యునెస్కో సంస్థ లోకము భద్రపరచవలసిన జ్ఞాపకముల పట్టికలో చేర్చెను. కాగితములకు కావలి దొరికినది. మరి ఆ బిడ్డకు కావలి యెవరు?

ఇక్కడ మనము తొందరపడి తీర్పు తీర్చక ఆలోచింపవలెను. నిర్మలత్వమనగా చెడుగు ఎరుగకపోవుటయని కొందరు తలంచుదురు. హైడి కథలో త్రాగుడు కలదు, చావు కలదు, అంధత్వము కలదు, అసూయ కలదు. పేతురు అసూయతో క్లారా చక్రముల కుర్చీని కొండమీదినుండి దొర్లించును. యోహన్నా వీటిలో దేనిని పిల్లలనుండి దాచలేదు. తప్పు చేసినవాడు తిరిగి రాగలడనియు, తండ్రి యిల్లు మూయబడలేదనియు కూడ చెప్పెను. చీకటిని చూపినప్పుడు చేతిలో దీపము పట్టుకొనియే చూపెను. ఆ దీపమును ఆర్పివేసి అదే చీకటిలో బిడ్డను విడుచుటయే అభ్యంతరము.

పాడుచేయుట రెండు విధములు. రక్తము పూయుట ఒకటి. దానిని చూచినవాడెవడైనను గుర్తుపట్టును. దీపమును మెల్లగా తీసివేయుట రెండవది. దానిని ఎవరును గుర్తుపట్టరు. ఈ రెండవ తప్పు మేమును చేసితిమి గనుక దీనిని ధైర్యముగా చెప్పుచున్నాము.

ఒక వేసవి సెలవులలో, ఒక పల్లె సంఘములో జరిగిన పిల్లల బడిలో మేము హైడి కథ చెప్పితిమి. ప్రొద్దు పోవుచుండెను, భోజనముల వేళ యాయెను. మేకలు, కొండ, నిద్రలో నడచుట, క్లారా లేచి నడచుట, ఇవన్నియు చెప్పితిమి. ప్రార్థన భాగమును, తప్పిపోయిన కుమారుని కథ చదివిన రాత్రిని విడిచివేసితిమి. పిల్లలు సంతోషించిరి, చప్పట్లు కొట్టిరి. అందరు లేచిపోవుచుండగా ఒక చిన్నవాడు వచ్చి, అంత కోపముగా నున్న తాత ఊరిలోనికి ఎందుకు వచ్చెనని మమ్మును అడిగెను. ఆ బిడ్డ తండ్రియు అప్పటికి చాలకాలముగా త్రాగుడులో పడి గుడి ముఖము చూడనివాడని పిమ్మట తెలిసినది. వాడు అడిగినది కథలోని తాతను గూర్చి కాదు. వానికి కావలసిన భాగమునే మేము తీసివేసితిమి. మరునాడు మొదటినుండి కథ మరల చెప్పితిమి. ఈసారి ఆ రాత్రిని విడువలేదు. వాడు ముందు వరుసలో కదలక కూర్చుండెను.

కావున తలిదండ్రులారా, సండేస్కూలు ఉపాధ్యాయులారా, మూడు సంగతులు మనవి చేయుచున్నాము. మొదటిది, బిడ్డ చేతికి ఫోను ఇచ్చి పొలమునకు పోవద్దు. తెలిసిన బొమ్మ, తెలిసిన పేరు కనబడినంతమాత్రమున లోపల నున్నదియు అదేయని నమ్మవద్దు. ఒకసారి ప్రక్కన కూర్చుండి చూడుడి. రెండవది, కథ చెప్పునప్పుడు పూర్తిగా చెప్పుడి. సమయము చాలనియెడల మేకలను తగ్గించుడి గాని ప్రార్థనను తగ్గింపవద్దు. మూడవది, నవ్వు కొరకు ఏదియు కలుపవద్దు. మన క్రిస్మసు నాటికలలోనే జనులను నవ్వించుటకై గొల్లవారిని త్రాగుబోతులుగా చూపిన సందర్భములు లేకపోలేదు. ఊరకయున్న ఆ గొల్లవారు మన చిన్నవారికి మొదటి విశ్వాసులు. మనము హైడిని పాడుచేసిన పరదేశులను నిందించుటకు ముందు, మన వేదికమీద నిలిచిన వారిని కాపాడుదము.

సినిమాలు తీయువారిని ఆపుట మన చేతిలో లేదు. సాయంకాలము దీపము పెట్టిన తరువాత ఒక బిడ్డను ప్రక్కను కూర్చుండబెట్టుకొని మంచి కథను చివరివరకు చెప్పుట మన చేతిలో నున్నది. హిర్జెల్ పల్లెలో పేరు కోరని యొక తల్లి చేసినది ఇంతే. ఆమె కుమార్తె ద్వారా అది లోకమంతట వ్యాపించెను.

ప్రార్థన: చిన్నబిడ్డలను చెంతకు చేర్చుకొనిన ప్రభువా, మా యిండ్లలో వినబడు కథలకు నీవే కావలిగా నుండుము. మేము తొందరలో విడిచివేసిన మాటల కొరకు మమ్మును క్షమించుము. ఇల్లు విడిచి కొండమీద ఒంటరిగా నున్న ప్రతి తాతను, ప్రతి తండ్రిని ఒక చిన్న చేయి పట్టించి తిరిగి నీ మందిరమునకు నడిపించుము. ఆమేన్.